ఎనభై డాలర్ల కొండ

విమానం చివర్న గీస్తాను.
ముందు కొండ.
కొండ కంటే ముందు, గొర్రెలు నడిచి నడిచి
వాలు పొడవునా వేసిన అడ్డగీతలు.
అవి తప్పితే వైరరాపాలో కొండ నిలబడదు,
జారిన దుప్పటిలా కుప్పపడుతుంది.

నాకెవరూ నేర్పలేదు.
అరవై ఒకటో ఏట తుంటి ఎముక మార్చి
ఆరు వారాలు కదలొద్దన్నారు.
మనవడి రంగుల పెట్టె చేతికందింది.
అందులో తెలుపు అయిపోయింది కాబట్టి
నా మొదటి మబ్బులన్నీ వానమబ్బులే.

అంతకుముందు పంతొమ్మిది వేసవులు
లోడర్ బండి నడిపాను.
కొండ నెత్తిన గడ్డి రన్‌వే, పల్లానికి వాలి ఉండేది.
విమానం దిగేది, తిరిగేది,
ఇంజన్ ఆపకుండానే నోరు తెరిచేది.
టన్ను ఎరువు దాని వీపులో కుమ్మరించి
నేను వెనక్కి తగ్గేలోపు
లాకీ బొటనవేలు చూపించి
కొండ అంచు మీంచి రాలిపోయేవాడు.
అవును, రాలిపోవడమే.
ఎగరడం ఆ తర్వాత, కిందెక్కడో,
మాకు కనబడని చోట మొదలయ్యేది.
ఆరు నిమిషాలకి మళ్లీ వచ్చేవాడు.
పోసుకున్న టీ పోసుకున్నట్టే ఉండేది,
పళ్ల సందుల్లో పుల్లటి పొడి.

అందుకే విమానం పక్కనుంచి ఎలా ఉంటుందో
నాకు సరిగ్గా తెలియదు.
కిందనుంచి తెలుసు. దాని వేడి తెలుసు.
పొట్ట మీద నూనె కారి ఎండిన చార తెలుసు.

మొదట్లో నా విమానాలు
కిటికీ అద్దానికి అంటుకున్న ఈగల్లా ఉండేవి.
రెక్కల కొలత సరే, తోక మీద అక్షరాలు సరే,
కదలిక మాత్రం సున్నా.
రెండేళ్లు పట్టింది తెలుసుకోడానికి:
తిరిగే పంకాని గీయకూడదు.
అదున్న చోట వెనకాల కొండని
రవ్వంత పలచన చేయాలి, అంతే.
గాలిని కూడా గీయకూడదు.
వాయవ్యం నుంచి వీచే రోజున
గడ్డి ఒక వైపు వెండి, ఒక వైపు తుప్పు.
ఆ రెండూ పడితే
విమానం ఎటు ఒరగాలో అదే చెబుతుంది.

లాకీ ఒకసారి, బూట్లో రాళ్లు దులుపుకుంటూ అన్నాడు:
"కొండ దగ్గరికి నేను పోను నోలీన్.
అదే వస్తుంది. నేను తప్పుకుంటానంతే."
ఆ మాట కుంచెకి ఎలా చెప్పాలో ఇంకా తేలలేదు.
పదిహేడు కాన్వాసులు పాడుచేశాను.
ఒకదాన్లో కొండ వచ్చింది గానీ
లాకీ తప్పుకోలేదు.
దాన్ని గోడవైపు తిప్పి పెట్టాను.

వసంతంలో ఊరి హాల్లో ప్రదర్శన.
అటు కేకుల బల్ల, ఇటు మా బొమ్మలు.
కొలిన్ స్పర్‌వే వస్తాడు, వైమానిక దళంలో మెకానిక్‌గా చేసినవాడు.
కళ్లద్దాలు నుదుటికి తోసి రివెట్లు లెక్కపెడతాడు.
"ఫ్లాప్ దగ్గర నాలుగు తక్కువ,"
పాత బాకీ అడిగినట్టు అడుగుతాడు.
నిజమే. ఆ నాలుగూ నాకెప్పుడూ కనబడలేదు,
అక్కడ బురద ఉండేది.
తన బొమ్మల్లో ఆకాశాన్ని మాత్రం
ఒకే ఊపులో నీలం కొట్టేస్తాడు, గోడకి సున్నం వేసినట్టు.
ఏ గాలి, ఏ వేళ అంటే
"మంచి రోజు" అంటాడు.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది, వెల్లింగ్టన్ నుంచి కాబోలు,
చెప్పులకి మట్టి లేదు.
నా కొండ ముందు చాలాసేపు నిలబడింది.
ఇలాంటి పచ్చ ఎక్కడా చూడలేదంది.
ఎనభై డాలర్లన్న చీటీ చదివి పర్సు తీసింది.
తీసి, ఆగింది.
"ఆ మూల విమానం ఉంది కదా,
అది చెరిపి ఇవ్వగలరా?
మా సోఫా పైన కొండ చాలు."

కొలిన్ నోట్లో కేకు నోట్లోనే ఉండిపోయింది.

"చెరపొచ్చు" అన్నాను.
"అది పోతే మూడేళ్లలో
ఆ పచ్చ కూడా పోతుంది మరి."
ఆవిడ రంగు నాణ్యత గురించనుకుంది,
ఏ కంపెనీది వాడతారని అడిగింది.
చెప్పాను.
టన్ను ధరెంతో కూడా చెప్పాను.