పొగబండి

టైర్ల కొట్టుకీ, చిల్లర వేసి బట్టలుతుక్కునే దుకాణానికీ మధ్య
ఆ జపాన్ హోటలు.
పడూకా ఊళ్లో, శుక్రవారం రాత్రి,
ఒంటరిగా వచ్చిన మనిషికి ఒంటరి బల్ల ఇవ్వరక్కడ.
ఎనిమిది కుర్చీలు నిండితేనే పెనం వేడెక్కుతుంది.
నలభై మంది పిల్లల కేకల్ని ఇళ్ల దగ్గర దింపేసి వచ్చిన
స్కూలు బస్సు డ్రైవరుని నేను.
నాతో ఎనిమిది.

ఎడమ పక్కన, ఈమధ్యే కలుసుకున్న జంట.
అతను మెనూలో ధరలు చదువుతున్నాడు,
ఆమె అతని వేళ్లు చదువుతోంది.
కుడి పక్కన బ్రాంట్లీ, ఆరేళ్లు నిండిన రోజు,
నెత్తిన కాగితం కిరీటం.
వాళ్లమ్మ, అమ్మమ్మ,
నది రేవులో పనిచేసే మామయ్య.
"ఇక్కడ అన్నంలో ఉప్పెక్కువ, పోయినసారే చెప్పా"
అని కూర్చోకముందే మొదలెట్టాడు.
ఆ చివర, తలుపుకి దగ్గరగా,
ఒళ్లో పర్సు దించని పెద్దావిడ.
"లొరేన్" అంది, ఎవరూ అడక్కుండానే.

బండి తోసుకుంటూ వచ్చాడు వంటవాడు.
చొక్కా మీది బిళ్ల కెన్ అంటోంది.
జపాన్‌లో ఏ ఊరని మామయ్య అడిగితే
"సెమరాంగ్" అన్నాడు నవ్వుతూ.
అందరం తలూపాం.
అది జపాన్‌లో లేదని
ఇంటికెళ్లి పటం తీశాక తెలిసింది నాకు.

అట్లకాడ అంచున గుడ్డు గిరగిరా తిరిగింది,
ఎగిరి టోపీలో పడింది.
రొయ్య ముక్కలు నోళ్ల వైపు విసిరాడు.
కుర్రాడి ముక్క చెంపకి తగిలి కాలర్లో దూరింది,
ఆ పిల్ల అప్పుడు నవ్వింది మొదటిసారి.
అమ్మమ్మ మాత్రం
కట్టుడు పళ్లతో, ఒక్క దెబ్బకి, గభాలున పట్టేసింది.

తర్వాత నూనె పోసి అగ్గి చూపించాడు.
భగ్గున లేచింది మంట, పొగగొట్టం దాకా.
ఓ... అన్నాం అందరం.
ఆ ఓ కింద ఒక కుర్చీ కీచుమంది.
లొరేన్ నిలబడి ఉంది,
పర్సు గుండెలకి అదుముకుని, వీపు తలుపుకి ఆనించి.
"ఏప్రిల్లో, మా వంటింట్లో..." అని ఆగి,
"మీరు కానివ్వండి, నేను కాసేపు బయటుంటా."

అప్పటికే ఉల్లి చక్రాలు ఒకదాని మీదొకటి పేర్చాడతను,
అడుగున పెద్దది, కొసన ఉంగరమంత.
"అగ్నిపర్వతం!" కిరీటం ఊగింది.
వంటవాడు లైటర్ని చూశాడు,
తలుపు వైపు చూశాడు,
లైటరు జేబులో వేసుకున్నాడు.

బ్రాంట్లీ కింది పెదవి ముందుకొచ్చింది.
"డబ్బులిచ్చేది దానికేగా" అని మామయ్య.
అమ్మ వీపు నిమిరింది, చెవిలో ఏదో చెప్పింది,
ఏడుపు ఆగలేదు.

అప్పుడు ఉల్లి గోపురంలో నీళ్లు పోశాడు.
చుయ్...
తెల్లటి ఆవిరి.
అట్లకాడతో వెనకనించి మెల్లగా తోస్తూ
"కూ..." అని కూత పెట్టాడు,
సెమరాంగ్‌లో రైళ్లు అలాగే కూస్తాయేమో.

పొగబండి కదిలింది.
జంట దగ్గర ఆగి రెండు పిడికెళ్ల అన్నం దింపింది.
నా దగ్గర ఆగింది, అమ్మమ్మ దగ్గరా ఆగింది.
తల్లి ఆపలేని ఏడుపుని,
అందర్నీ ఏడిపించే ఉల్లిపాయ ఆపేసింది.
"ఇంకో స్టేషనుంది" అన్నాడు బ్రాంట్లీ,
ముక్కు చీదుతూ, తలుపు వైపు చూపిస్తూ.

లొరేన్ వచ్చి కూర్చుంది.
కుర్చీ చివరే, కానీ కూర్చుంది.
"టికెట్టు?" అన్నాడు వాడు.
పర్సు తెరిచి, చాలాసేపు వెతికి,
ఒక పిప్పరమెంటు బిళ్ల తీసిచ్చింది.

ఉప్పెక్కువే, ఒప్పుకుంటా.
మామయ్య అన్నది అన్నట్టుగానే ఉంది,
మిగిలింది పెట్టెలో కట్టించుకుని పోయాడు,
బల్ల మీద పది డాలర్లు మడిచిపెట్టి,
ఎవరూ చూడలేదనుకుని.

సోమవారం పొద్దున అదే కోటు.
బస్సెక్కుతూ ఒక పిల్ల ముక్కు ఎగబీల్చి
"ఏంటీ వాసన?" అంది.
"రైలు" అన్నాను.