మూడక్షరాల ద్వారబంధం

ఇసకపల్లిలో మా ఇంట్లోకి రావాలంటే
పొడుగువాళ్లు తల వంచాలి.
వాకిలి పైనున్న దూలం ఏ అడవి నుంచో బండెక్కి రాలేదు,
ఓడలోంచి ఊడి వచ్చింది.
ముసురు పట్టిందంటే చెమరుస్తుంది.
వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుంటే
ఇప్పటికీ ఉప్పు.

మా చిన్నాన్న మాత్రం
ఉప్పూ లేదు గిప్పూ లేదు, పొగచూరంటాడు.
బీడీలు తాగీ తాగీ ఆయనకు రుచి చచ్చిపోయింది.

మా జేజికి జేజి, ఆమెకు జేజి,
పామంజి కాటమ్మ నాటిదిది.
ఏ యేడో ఎవరికీ తెలీదు.
కుంఫిణీ దొరల రోజులు,
కయ్యలో గుప్పెడు ఉప్పు తీసినా దొంగతనమయ్యే రోజులు.

కార్తీకంలో మూడు రాత్రులు వాడగాలి.
నాలుగో తెల్లారి
సముద్రం ఏమీ ఎరగనట్టు పడుకోనుంది.
ఒడ్డు మాత్రం సంత.
చీలిన కొయ్యలు, చిక్కుపడ్డ మోకులు,
ఉబ్బి చచ్చిన ఎద్దుల్లా గుడ్డల బేళ్లు,
నీలిమందు కరిగి తీరం పొడవునా ఒక నీలి చార,
మూత ఊడని పింగాణీ జాడీ,
ఎడమకాలి బూటు ఒకటి,
ఒక మనిషి.

కచ్చేరి నుంచి అమీను వచ్చేలోగా
ఊరు ఊరంతా ఇసకలో దాచేసుకుంది.
నెల దాకా పిల్లకాయలు నీలి పాదాలతో తిరిగారట,
అమీను ఆ కాళ్లు చూసే దొంగల ఇళ్లు పట్టాడట.

కాటమ్మ దొరకలేదు.
ఆ పొద్దు ఆమె ఏమీ దాచలేదు,
మనిషి దగ్గర కూచుంది.
లస్కరో, సరంగో, వంటవాడో.
మెళ్లో తాయెత్తు లేదు, చెవికి పోగు లేదు,
ఏ దేవుడి తాలూకో చెప్పే గుర్తే లేదు.
"తల యే దిక్కున పెట్టాల?"
గుంట తవ్వినవాళ్లు అడిగారు.
"వచ్చిన దిక్కుకే పెట్టండి" అందట.

అంతకు రెండేళ్ల ముందు ఆమె మొగుడు చెంగయ్య
కలకత్తాకు ఉప్పు మోసే దోణిలో పొయ్యాడు.
దోణి చేరలేదు.
కొఠారు పుస్తకంలో రాసుకున్నారు:
బస్తాలు ఇన్ని, మణుగులు ఇన్ని,
నష్టం రూపాయల్లో, అణాల్లో, దమ్మిడీల్తో సహా.
కాటమ్మ పోయి అడిగితే
గుమాస్తా మర్యాదగానే చెప్పాడట,
"మనుషులకు గడి లేదు తల్లీ,
గడి లేందే ఎట్టా రాసేది?"

ఊళ్లో గాజులు తీసెయ్యమన్నారు.
"కొయ్యముక్కయినా రానియ్యండి" అంది.
రెండేళ్లూ ఆ మాట మీదే ఉంది.

ఇప్పుడు కొయ్య వచ్చింది. వేరే ఓడది.
గుంట పూడ్చి లేచి,
మొయ్యలేక అందరూ వదిలేసిన దూలం మీద
రెండు చేతులూ కొట్టుకుంది.
ఎర్రగాజు పెంకొకటి పగుల్లో ఇంకా ఉందంటారు.
టార్చీ వేసి వెతికాను, కనపళ్లేదు.
నా పిల్లలకు మాత్రం ఉందనే చెబుతాను.

దాని మీద చెక్కిన గుర్తులు మూడు.
దేవర గుర్తులనుకుని మావాళ్లు
ఏటేటా పసుపు రాశారు, బొట్లు పెట్టారు.
మా వనజ ఆరో తరగతిలో ఉండగా
స్టూలెక్కి, జిడ్డు గోకి, గట్టిగా చదివింది:
ఎన్, సి, ఇ.
అంతే. ముందరిది విరిగిపొయ్యింది.
ఇన్నాళ్లూ మేం మొక్కింది ఓడ పేరు తోకకు.

పోయినేడు వడ్రంగి దస్తగిరి
ఇనుప వాకిలి పెడదామని వచ్చాడు.
సుత్తితో రెండు దెబ్బలు కొట్టి విన్నాడు.
"దీన్ని తియ్యబాకండి,
ఇల్లే దీన్ని పట్టుకోనుంది" అని
టీ తాగి పొయ్యాడు.

మిగతా అక్షరాలు యాడున్నాయో.
రామాయపట్నంలో ఏ కొట్టం గుంజలోనో,
జువ్వలదిన్నెలో ఏ ముసలమ్మ మంచం కోడులోనో,
ఏ వానాకాలమో పొయ్యిలో కాలి
ఒక పూట గంజి అయిపోయాయో.

ఇంకో ఒడ్డున,
మాకు పేరు కూడా తెలీని ఊళ్లో,
చెంగయ్య దోణి చెక్క కింద
ఎవరో ఈ పూట
తల వంచి ఇంట్లోకి పోతుండొచ్చు.