ముప్పై ఏడో నంబరు

మా ఇంట్లో కోసే కత్తి ఒక్కటే,
వంటగట్టు మీద ఉంటుంది.
కోయనివి ఇరవై రెండు.
బీరువాలో, కొబ్బరినూనె పట్టించిన
పాత బనీను ముక్కల్లో.

అన్నీ ఒకే రేకుల షెడ్డులో పుట్టినవి.
ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వీధి చివర.
బోర్డు మీద ‘కొక్కిరాయి టూల్స్’ అని ఉండేది.
బొమ్మ మాత్రం బాతులా వచ్చింది.
మార్చడానికి డబ్బుల్లేక
కత్తుల మీదా ఆ బాతునే కొట్టారు.

యజమాని మైలపిల్లి గురుమూర్తి.
నేవీలో డైవరు, పదిహేనేళ్లు నీళ్ల కింద.
ఓడ పంకాకి చుట్టుకున్న వల కోస్తుంటే
ఖరీదైన ఫారిన్ కత్తి పిడి దగ్గర విరిగిందట.
పైకొచ్చి తిట్టిన తిట్టే
కంపెనీకి పెట్టుబడి అనేవాడు.

కొలిమి దగ్గర ఖాదర్ వలీ.
మీటరు లేదు, కన్నే మీటరు.
"దానిమ్మ గింజ దాటింది, దొండపండు కావాలి,
పనసతొన రంగొచ్చిందా, పారెయ్."
చమురులో ముంచినప్పుడు ఉక్కు చేసే చప్పుడు
నిద్రలో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుండేది.

పిడులు నూకరత్నం పని.
తెరచాప గుడ్డ పొరలు జిగురులో తడిపి
లారీ జాకీ కింద రాత్రంతా నొక్కి ఉంచేది.
ఒకసారి గుడ్డ చాలక
తన నీలం లంగా చింపి కలిపింది.
పంతొమ్మిదో నంబరు పిడిలో
లైటు కింద వంచి చూస్తే
ఆ నీలిచార ఇప్పటికీ ఉంది.

నంబర్లు సుత్తితో కొట్టేది గురుమూర్తే.
తలకిందులు చూసుకోడు.
నా దగ్గర ఆరో నంబర్లు రెండు,
తొమ్మిది లేదు.

నేను పోర్టులో టాలీ గుమాస్తాని.
బస్తాలు లెక్కపెట్టేవాడికి
వల కోసే కత్తి ఎందుకు?
మొదటిది కొన్న నెల
"ఎవర్ని పొడుద్దామని?" అంది మా ఆవిడ.
తర్వాత్తర్వాత అడగడం మానేసింది,
బనీన్లు మాత్రం చించి ఇచ్చేది.

ఒక్కసారి పెద్ద టెండరు ఫారం వచ్చింది.
మూడేళ్ల టర్నోవరు కోట్లలో రాయమంది.
"రెండు సున్నాలు తగ్గాయిరా" అని
గురుమూర్తి ఆ కాగితంతోనే
చేతి మసి తుడుచుకున్నాడు.

తర్వాత హుద్‌హుద్.
రేకులు యారాడ కొండవైపు ఎగిరిపోయాయి.
మూడు రోజులకి దారి దొరికి వెళ్తే
ఇంకా పదును పెట్టని యాభై కత్తులు
ఉప్పువానకి కుంకుమ రాసుకుని ఉన్నాయి.
ఖాదర్ ఒకటి తీసి వేలితో రుద్దాడు.
వేలు చూసుకున్నాడు.
ఎవరూ ఏమీ అనలేదు.
కొలిమి మళ్లీ ముట్టించలేదు.

నా నోట్‌బుక్కులో ఖాళీలు మిగిలాయి.
ఏ నంబరు ఎవరి దగ్గరుందో,
ఏది సముద్రంలో పడిందో.
ముప్పై ఏడు పక్కన తొమ్మిదేళ్లు ప్రశ్నార్థకం.

మొన్న ఫిషింగ్ హార్బరులో,
తెల్లారకుండా, కోనాం చేప బేరమాడుతూ
చూశాను: పొలుసుల కింద బాతు.
అరిగి అరిగి సగం వెడల్పు,
పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది.
బొటనవేలితో తుడిచాను. మూడు. ఏడు.

"ఏటి బావూ, సేప కావాలా కత్తి కావాలా?"

ఎంత చెప్పినా ఇస్తానన్నాను.
ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు.
"దీన్ని నీకిచ్చేస్తే
రేపు నేనేటి సేసుకోను?
అంత ఇష్టమైతే కూసింత పదునెట్టియ్."

ఇరవై ఏళ్లుగా కత్తులు పోగేస్తున్నాను.
పదును పెట్టడం రాదు.

ఆవిడే లాక్కుని, గట్టు సిమెంటు మీద
నాలుగు గీతలు ఇటూ నాలుగు అటూ గీసి
కోనాం తల ఒక్క వేటుకి తెంపింది.
ఆ చప్పుడు షెడ్డులో నేనెప్పుడూ వినలేదు.

ఇంటికొచ్చి, చేతులు కడుక్కోకుండానే
ముప్పై ఏడు పక్కన ప్రశ్నార్థకం కొట్టేసి
‘డ్యూటీలో ఉంది’ అని రాశాను.
ఆ పేజీకి ఇంకా నీచు వాసన.