ఐదో గడి

తనిఖీ కమిటీ పంపిన ఫారంలో ఐదో గడి:
'కళాశాల చరిత్ర, ధ్యేయం. నాలుగు వాక్యాలకు మించరాదు.'
ముప్పై ఒక్క ఏళ్లు హాజరు పట్టీలు కుట్టినవాణ్ణని
నాకే ఇచ్చారు నింపమని.

కాశీనగర్‌లో కాలేజీ ఎక్కడంటే ఎవరూ చెప్పరు.
నరసయ్య మిల్లంటే చెయ్యి చూపిస్తారు.
ఈదురుగాలి వీస్తే ఇప్పటికీ
తత్వశాస్త్రం గది దూలాల్లోంచి ఊక రాలుతుంది
జవాబు పత్రాల మీద,
నూనె రాసిన తలల మీద.

పొట్నూరు నరసయ్యకి బస్తాలు లెక్కపెట్టడం వచ్చు.
చదవడం రాదు.
ఒడియాలో రాసిన కాగితం మీద వేలు నొక్కి
ఏటి అవతల ఏడెకరాలు పోగొట్టుకున్నాడు.
కోర్టు మెట్ల మీద ఎవరో ఓదార్చబోతే అన్నాడట:
"సదువు రాదు సరే,
అందులో ఏటుందిరా అని అడగడానికేటి రోగం నాకు?"
మరుసటేడు మిల్లు ఆపేశాడు.
హల్లర్ అమ్మి బల్లలు కొన్నాడు.

మొదటి ఏడు పదకొండు మంది.
చరిత్ర, తర్కం, మూడు భాషల సాహిత్యం.
"ఇయ్యి సదివితే ఏ ఉజ్జోగం వొస్తాది బాబూ?"
గుణుపురం నుంచి వచ్చిన తండ్రొకాయన అడిగితే
ప్రిన్సిపాల్ పాణిగ్రాహి గారు చాలాసేపు ఆలోచించి
"తెలీదు" అన్నారు.
ఆయన కొడుకుని చేర్పించాడు.
ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టదు.

గంట మాకు రైలు పట్టా ముక్క.
చిన్న రైలు తిరిగినన్నాళ్లూ దాని కూతే మొదటి పీరియడ్.
అది ఆలస్యమైతే కళింగ యుద్ధమూ ఆలస్యమే.

వంశధార గదుల్లోకి వచ్చిన ఏడు
పుస్తకాలన్నీ ధాన్యం కళ్లంలో ఆరబోశాం.
పిల్లలు వరుసల మధ్య వంగి, పేజీలు తిప్పుతూ తిప్పుతూ
అక్కడే చదవడం మొదలెట్టారు.
ఎండ పోయింది, ఎవరూ లేవలేదు.
ఆ పుస్తకాలు ఇంకా వాచిపోయే ఉన్నాయి,
బీరువా తలుపు పడదు.

సుంబారి గమాంగ్ అని సవర పిల్ల, రెండో బెంచీ.
"కొండని మా మాటలో బరు అంటాం" అంది ఒకరోజు.
"బరువా!" అని తెలుగు కుర్రాళ్లు నవ్వారు.
"మీరు ఎత్తి చూసుంటారు.
మేం దాని మీద కంది పండిస్తాం."
ఆ మాట బల్ల మీద చెక్కి ఉంది, ఎవరు చెక్కారో.
బల్లలకి రంగు వెయ్యమని ఉత్తర్వు వచ్చింది.
ఫైల్లో పెట్టి మర్చిపోయాను.

నరసయ్య చివరిదాకా వేలిముద్రే వేశాడు.
వేసే ముందు మాత్రం ప్రతి కాగితం చదివించుకునేవాడు,
జీతాల బిల్లు కూడా, రెండుసార్లు.
"ఈ ముక్కకేటర్థం?" అని మధ్యలో ఆపేవాడు.
విసుగొచ్చేది. చెప్పేవాణ్ణి.
చెబుతుంటే ఒక్కోసారి నాకూ తెలీదని తెలిసేది.

నాలుగు వాక్యాలు.
కలం మూత తీసి చాలాసేపయింది.
ఏ భాషలో నింపాలో ఫారంలో ఎక్కడా రాయలేదు.
అడిగి వస్తాను.