బరువు తగ్గితే బతికున్నట్టు

రెండువేల తొమ్మిది, నవంబరు.
లాత్వియాలో, గౌయా నది ఒడ్డున
మా చిన్న ఊరి పురపాలక భవనం.
రెండో అంతస్తులో కుడిపక్క మూడో తలుపు నాది.
"కొత్త వ్యాపారాలకు సాయం" అని రాసుంటుంది దాని మీద.
లోపల హీటరు రోజుకి రెండు గంటలే.
నా జీతంలో మూడోవంతు ఆగస్టులో కోసేశారు.
ఉన్ని తొడుగులకి నేను వేళ్ళ చివర్లు కోసుకున్నాను,
ముద్ర వేయడానికి వీలుగా.

ముద్ర అంటే, ఎక్కువసార్లు, "తిరస్కరించడమైనది".
వాడి వాడి రబ్బరు అరిగి
మొదటి అక్షరం పడటం మానేసింది.

ఓయార్స్ ఆ మధ్యాహ్నం వచ్చాడు.
ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ స్తంభాలెక్కి
వేసవిలో పని పోయినవాడు.
నేల ఇంకా అలవాటు కానట్టు నడిచాడు.
బల్ల మీద పెట్టాడు:
స్నానాలగది తూకం, పాత ఫోను,
ఎర్ర టేపు చుట్టిన వైర్లు.
"తేనెపెట్టె కింద పెడితే
రాత్రి తొమ్మిదికి దాని బరువు అదే మెసేజి పంపుతుంది."
ఎవరిక్కావాలి, అన్నాను.
"చలికాలం మూత తీస్తే ఈగలు చస్తాయి.
తీయకపోతే
ఉన్నాయో పోయాయో తెలీదు."

దరఖాస్తులో పదకొండో గడి, తాకట్టు.
చాలాసేపు చూసి రాశాడు: పదిహేడు పెట్టెల ఈగలు.
కొట్టేసి, పదహారు అని దిద్దాడు.

కమిటీలో గుంటిస్ గారన్నారు,
"ఉన్నదే మూడువేల లాట్‌లు. ఇచ్చినకొద్దీ తరుగుతుంది.
రోజులు బాగుపడ్డాక చూద్దాం."
వాన వెలిశాక గొడుగులు పంచుదామన్నట్టు.
ఆ మాట నేను అప్పుడు అనలేదు.
నీళ్ళు నమిలాను.

డబ్బు లేదు గానీ తాళాలున్నాయి నా దగ్గర.
పిల్లల్లేక మూసేసిన బడిలో
భౌతికశాస్త్రం గది తెరిచి ఇచ్చాను.
ఎవరినీ అడగలేదు.
ఎనభైకి దగ్గరైన స్కైద్రీతె టీచరు
తన తూనికరాళ్ళ పెట్టెతో వచ్చింది.
పట్టకారుతో తప్ప ముట్టనివ్వలేదు మమ్మల్ని,
వేలి జిడ్డుకి కూడా బరువుంటుందని.

జనవరి, మైనస్ ఇరవైనాలుగు.
మొదటి మెసేజి: సున్నా కిలోలు.
టార్చిలైట్లు పట్టుకుని మంచులో మోకాళ్ళదాకా పరిగెత్తాం.
పెట్టె ఎక్కడికీ పోలేదు. తూకం కాలు విరిగింది.
స్కైద్రీతె పడీపడీ నవ్వింది.
ఓయార్స్ నవ్వలేదు.
మర్నాడు ఐర్లండు టికెట్టు ధర కనుక్కున్నాడని
చాన్నాళ్ళకి తెలిసింది నాకు.

టికెట్టు కొనలేదు. ఇనపకాళ్ళు అతికాడు.
ఫిబ్రవరి నుంచి నా ఫోనుకీ రావడం మొదలైంది:
ముప్ఫై ఒకటి పాయింటు నాలుగు రెండు.
ముప్ఫై ఒకటి పాయింటు మూడు తొమ్మిది.
పాయింటు మూడు ఆరు.

తగ్గిపోతోంది, అని కంగారుగా ఫోను చేశాను.
"తింటున్నాయి," అన్నాడు.
"ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దగా,
మధ్యలో రాణిని పెట్టుకుని,
రోజుకి ముప్ఫై గ్రాములు తిని వేడి పుట్టిస్తాయి.
తగ్గడం ఆగిననాడు చెప్పు.
అప్పుడు భయపడదాం."

తర్వాతి కమిటీకి రెండు కాగితాలు పట్టుకెళ్ళాను.
ఒకదాని మీద ఈ అంకెలు.
రెండోదాని మీద మా నిధి:
పదహారు నెలలుగా మూడువేలు, మూడువేలు, మూడువేలు.
ఒక్క సాల్మన్ చేప నాణెం కూడా తగ్గలేదు.
పక్కపక్కన పెట్టి కూర్చున్నాను.
గుంటిస్ గారు కళ్ళజోడు తీసి తుడిచారు.
వాళ్ళ నాన్నకి తేనెటీగలుండేవట.

నాలుగువందల లాట్‌లు. అంతకుమించి రాలేదు.
మూతపడ్డ ఉన్ని మిల్లు ఆడవాళ్ళ కాగితాలూ
ఇంకో పన్నెండూ
ఇప్పటికీ నా సొరుగులోనే.

హీటరు ఆరిపోయింది. ఎనిమిదీ యాభై.
బల్ల మీద ఫోను వెల్లకిలా పెట్టుకుని
నిన్నటికంటే ముప్ఫై గ్రాములు తక్కువ రావాలని
ఎదురుచూస్తున్నాను.