వంద పౌన్లకు పదిహేను

అక్టోబరు రెండో వారంలో ఓ రాత్రి
షెడ్డు రేకుల మీద మొదటి అక్రోటు పడుతుంది.
తుపాకి పేలినట్టుంటుంది.
డోయల్ నిద్రలోనే "ముప్పావు సెంటు" అంటాడు.

తెల్లారేసరికి గడ్డి నిండా ఆకుపచ్చ బంతులు.
మేం నాటినవి కావు, నీళ్ళు పోసినవీ కావు.
ఆర్కన్సా కొండల్లో ఈ వాలు కొన్నప్పుడు
రాళ్ళతో పాటు లెక్కలో లేకుండా వచ్చిన చెట్లు, నాలుగు.
కోళ్ళ ఫ్యాక్టరీలో డోయల్ షిఫ్టులు
వారానికి మూడైనప్పటి నుంచి
వాటికీ లెక్క వచ్చింది.

వేణ్ణీళ్ళకు చన్నీళ్ళంటారు.
మా ఇంట్లో వేణ్ణీళ్ళు కాగడానికే గ్యాసు కావాలి,
ఆ గ్యాసుకే ఈ కాయలు.

వంగుతాను. లేస్తాను. బకెట్టు నిండుతుంది.
జూనీ మెత్తబడ్డవాటిని బూటుతో చిదిమి
లోపలి పురుగుల్ని కోళ్ళకు విసురుతుంది.
ఆ పురుగుల వాసన గుడ్లకొస్తుందని
చర్చిలో ఎవరో అన్నారు,
అప్పట్నుంచి మా గుడ్లు డజను కూడా కదల్లేదు.

ఉడతా భక్తి ఏ ఉడతలదో గానీ
ఇవి మాత్రం వడ్డీ వ్యాపారులు.
పదింటికి రెండు పట్టుకుపోయి
పాతిపెట్టి
చోటు మరిచిపోతాయి.

సాయంత్రం దాణా కొట్టు వెనక
పొట్టు ఒలిచే యంత్రం ముందు పికప్పుల వరస.
ఒకరి బస్తాలు ఒకరం లెక్కపెట్టనట్టు నటిస్తాం.
బడి బస్సు డ్రైవరు, రిటైరైన నర్సు, పాస్టరు గారి భార్య,
అందరి చేతులూ ఒకటే నలుపు.
యంత్రం గరగరా నమిలి
ఒక పక్క గింజలు, ఒక పక్క నల్లటి బురద ఉమ్ముతుంది.
పొట్టు పోగా వంద పౌన్లకు పదిహేను డాలర్లు.
మావి ఆరువందల నలభై.
తొంభై ఆరు.

మరక నెలన్నర ఉంటుంది, ఏ సబ్బుకీ లొంగదు.
బ్యాంకులో గాజు వెనక అమ్మాయి
నా వేళ్ళు చూసి "పెయింటా?" అంది.
"జీతం" అన్నాను.

కిందటి వసంతంలో కలప వ్యాపారి వచ్చాడు.
ట్రూయిట్ అట, ఇస్త్రీ మడత నలగని చొక్కా.
నాలుగింట్లో నిటారుగా ఉన్నదాన్ని
వేళ్ళతో కొట్టి విన్నాడు, పుచ్చకాయ బేరమాడేవాడిలా.
"పద్దెనిమిది వందలు."
డోయల్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.
నేను మనసులో భాగించాను:
ఆ చెట్టు వాటా ఏడాదికి పాతిక.
డెబ్బై రెండేళ్ళు వంగాలి.

నిజం చెప్పొద్దూ, ఆ చెట్టంటే నాకు పడదు.
దాని వేళ్ళ చేదుకి మూడుసార్లు
నా టమాటాలు నిలువునా వాడిపోయాయి.
అమ్మేశాం.
నా కింది దవడకి రెండు పళ్ళు,
పికప్పుకి టైర్లు,
ఒక చలికాలం గ్యాసు.

ఈ వేసవి, ఖాళీ అయిన ఆ ఎండలో
మళ్ళీ టమాటా నాటాను.
జూన్ కల్లా తలలు వేలాడేశాయి.
చెట్టు పోయినా చేదు ఏళ్ళ తరబడి నేలలోనే ఉంటుందట.
అమ్మకం సంగతి
వేళ్ళకెవరూ చెప్పలేదు.

ఎండిన మొక్కల మధ్య ఒకటి మాత్రం పచ్చగా నిక్కింది.
కలుపనుకుని పీకబోయి
ఆకు నలిపి వాసన చూశాను.
ఉడత మరిచిన బాకీ.
"కాపుకొచ్చేదెప్పుడు?" అన్నాడు డోయల్.
"పదేళ్ళు."
వేళ్ళ మీద తన వయసు కూడుకుని
ఏమీ అనకుండా షెడ్డులోకి పోయి
కోళ్ళ వల ముక్క తెచ్చి చుట్టూ కట్టాడు.

ఈ అక్టోబరులో మూడు చెట్లే.
నాలుగు వందల డెబ్బై పౌన్లు,
డెబ్బై డాలర్ల యాభై సెంట్లు.
చేతులు మాత్రం
అంతే నలుపు.