ఖర్చు ఎవరిది

ఆదోని పత్తిమార్కెట్టు గేటు ఎదురుగా, నెట్ సెంటర్లో
వీరభద్రప్ప కండువా అంచుతో విభూతి తుడుచుకుంటున్నాడు.
నుదురు మెరుస్తోందని
మొదటి ఫోటో ఒప్పుకోలేదు వియత్నాం.

తెల్లగోడ కావాలంట. మా సున్నం మీద ఎప్పుడూ ఎర్రదుమ్మే.
జిరాక్సు మౌలాలి కుర్చీ ఎక్కి
ఆయన వెనక కొత్త పంచె మడత విప్పి పట్టుకున్నాడు.
"రెప్ప కొట్టొద్దన్నా!"
ఊపిరి కూడా ఆపినాడు, పాపం.

పాస్‌పోర్టుకు పూజ చేసినట్టున్నారు,
అట్ట మీద కుంకుమ.
లోపల ఇంటిపేరు గడి ఖాళీ.
ఖాళీగా వదిలితే ముందుకు పోనీదు మిషను.
"మా అబ్బకే తెలీదు పాపా,
బళ్లారి నుంచి బండి కట్టుకోని వచ్చేటప్పుడు
యాడనో జారిపోయింటాది."

హోటలుండే వీధి పేరు ఇద్దరికీ నోరు తిరగలేదు.
పత్తిలో చెత్త ఏరినట్టు
ఒక్కో అక్షరం ఏరి కొట్టినా.

ఎప్పుడైనా నేరం చేశారా? అని ఇంకో గడి.
"నకిలీ విత్తనాలు అమ్మింది పక్కంగడోడు పాపా, నేను గాదు."
లేదు అని కొట్టినా.

ఆ తర్వాత,
ప్రయాణం ఖర్చు ఎవరు భరిస్తారు?

"కంపెనీ అని కొట్టు.
పోయిన ఖరీఫ్‌లో మందుల టార్గెట్ దాటింది
నేనూ, ఎమ్మిగనూరు ఆయనా, ఇద్దరమే."

నా వేలు మౌస్ మీదనే ఆగింది.
ఆయన అంగట్లో ఎర్ర అట్ట పుస్తకం నాకు తెలుసు.
అరవై మూడో పేజీ, కురువ లింగన్న, మా నాయన.
గులాబీ పురుగుకు మూడు తూర్లు కొట్టిన మందు,
నాలుగో తూరి ఉద్దర,
పక్కన నీలిసిరా బొటనవేలు.
పురుగు మాత్రం బాగానే బతికింది.

చెడ్డోడని చెప్పలేను.
నాయనకు పాము కరిచిన రాత్రి
తన జీపులోనే ఆస్పత్రికి తెచ్చినాడు.
డీజిల్ ఖర్చు పేజీలోకి ఎక్కలేదు.

కిందిదాకా జరిపి చూసినా.
మీరే. సంస్థ. అంతే.
లింగన్న లేడు.
సంస్థ అని కొట్టినా.

ఓటీపీ వచ్చింది, డాలర్లు పోయినాయి,
మూడు పనిదినాలు ఆగమంది తెర.
"ఆడ వానలుంటాయా పాపా? గొడుగు తీసుకపోవాల్నా?"
చూసి చెప్పినా, వారమంతా వానే.
"అబ్బో" అన్నాడు, బయటి ఎండకేసి చూస్తా.

జేబులో చెయ్యి పెట్టి, మళ్ళా తీసి,
"నీ మూడొందలు మీ నాయన లెక్కలో కొట్టేస్తాలే."

సాయంత్రం ఓనరు గల్లాపెట్టెలో
నా చేతి డబ్బులు మూడొందలు వేసినా.
నాయనకు ఇంకా చెప్పలేదు,
వియత్నాం పోతున్నామని.